సక్కుబాయి పులుపు

సాయంత్రం నాలుగు దాటింది. మబ్బు కమ్మి ఉక్కపోస్తోంది. పొద్దున తాగిన చాయ్ తప్ప కడుపులో ఏమీ లేదు. సిమెంటు బస్తాలు దించేసి ఫలక్‌నుమా స్టేషన్ దగ్గర సక్కుబాయి బండికి నడిచాను.

సక్కుబాయి మందు దుకాణం పక్కన గుడాలు, అంటే ఉడకబెట్టిన శనగలు, అమ్మేది. మొగుడు తాగి తాగి పోయాక పెట్టుకున్న బండి అది. తాగి పడిపోయిన వాళ్లకు ఆవిడే వైద్యం చేసేది. చింతపండు పులుసు గొంతులో పోస్తే వాళ్లు కక్కి, లేచి, తూలుతూ ఇంటికి పోయేవాళ్లు. మా హమాలీలకు ఆ పులుపంటే గట్టి నమ్మకం.

ఆ రోజు బండి వెనక మా సీతారాం వెల్లకిలా పడి ఉన్నాడు. పందెం కట్టి సీసా మొత్తం ఎత్తేశాడట.

“ఏం బిడ్డా, పెండ్లికొడుకు లెక్క పండినవ్!” అంటూ సక్కుబాయి చింతపండు పిసుకుతోంది. అందరూ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. వాడి పెదాలు నీలంగా ఉన్నాయి. అంత ఉక్కలోనూ ఒళ్లు చల్లగా ఉంది. గురక ఆగిపోయి, చాలాసేపటికి మళ్లీ వస్తోంది.

“అక్కా, గిచ్చినా కదుల్తలేడు. దవాఖానకు తీస్కపోదాం.”

“నీకు మస్తు ఫికర్ రా! ఎంతమందిని లేపిన నేను?”

దవడ తెరిచి పోసింది. సీతారాం మింగలేదు. గొంతు గురగురమంది. పులుసూ కక్కూ ముక్కులోంచి వచ్చాయి.

“పక్కకు తిప్పుండ్రి భాయ్! దమ్ ఆగుతది!” అని అరుస్తూ ఆటో నడిపే అజ్మత్ అలీ ఉరికి వచ్చాడు. ఆయన ఆటోలోనే నేనూ సక్కుబాయీ వాణ్ణి పక్కకు తిప్పి పట్టుకుని దవాఖానకు పోయాం.

డాక్టరమ్మ గొట్టం పెట్టి గొంతులోది లాగించింది. ఆక్సిజన్ పెట్టించి, వేలు గుచ్చి షుగరు చూసి, తలకు దెబ్బ తగిలిందేమోనని తడిమింది.

“నోట్లో ఏమైనా పోశారా?”

“నేనే పోసిన మేడం. పులుసు,” అంది సక్కుబాయి.

“అది ఊపిరితిత్తుల్లోకి పోయింది. స్పృహ లేని మనిషికి నీళ్లు కూడా పోయొద్దమ్మా.”

కొన్నాళ్లు ఊపిరి మిషన్ మీద ఉండి సీతారాం పోయాడు. సక్కుబాయిని ఎవరూ ఏమీ అనలేదు. మందు ఎక్కువై పోయాడన్నారు, పులుసు మాటే ఎత్తలేదు. నాకు అదే భయమేసింది.

సక్కుబాయి బండి మళ్లీ పెట్టింది. ఒక మధ్యాహ్నం మావాళ్లు తాగి పడిపోయిన ప్రహ్లాద్‌ను మోసుకొచ్చి ఆవిడ ముందు పడేశారు. వాడి తల వేలాడుతోంది.

“అక్కా, జర నీ పులుపు పొయ్యి!”

సక్కుబాయి పులుసు గిన్నె ముట్టలేదు.

“సీతారాం నసీబు గట్లుండె. నువ్వేం జేస్తవ్? పొయ్యక్కా!”

ఒకడు తనే గిన్నె అందుకున్నాడు. ఆవిడ దాన్ని లాక్కుని పక్కనున్న మురికి మోరీలో పారబోసింది. ప్రహ్లాద్‌ను పక్కకు తిప్పి, వాడి నోరు తుడిచి, అజ్మత్ ఆటో వచ్చేదాకా తల పట్టుకుని కూర్చుంది. వాణ్ణి ఎక్కించాక లేచి, పొయ్యి కూడా ఆర్పకుండా స్టేషన్ వైపు నడిచింది.

“సక్కక్కా!” అని పిలిచాను. తిరిగి కూడా చూడలేదు.