మిత్వల్లీ భుజాలు

కర్మూజ్ వీధుల్లోకి మిత్వల్లీ కంటే ముందు అతని చప్పుడు వచ్చేది. ఖాళీ గ్యాస్ బండ మీద పానాతో మూడు దెబ్బలు, కాస్త ఆగి ఇంకో రెండు. ఆ చప్పుడు వినగానే ఆడవాళ్లు బాల్కనీల్లోకి వచ్చి ఒక వేలో, రెండు వేళ్లో చూపించేవారు. అతను మూడు చక్రాల రిక్షాని గోడకి ఆనించి, నిండు బండని కుడిభుజం మీదికి ఎత్తుకుని మెట్లెక్కేవాడు. అలెగ్జాండ్రియాలో ఆ వైపు మేడలకు లిఫ్టులు తక్కువ. ఉన్న లిఫ్టుల్లో బండలు పెట్టనివ్వరు. పదిహేనో ఏట మొదలుపెట్టిన పని అది. ఇప్పుడతనికి నలభై రెండు.

ఇరవై ఏడేళ్లు ఆ బండలే అతని ఒంటిని చెక్కాయి. మెడ కింద భుజాలు రెండు గుమ్మటాల్లా ఉండేవి. అయితే అతనెప్పుడూ వాటిని చూసుకున్నవాడు కాదు. గడ్డం గీసుకునే అద్దంలో ముఖం వరకే పట్టేది. పొద్దున ఉడికించిన ఫూల్ చిక్కుడు గింజలు, రెండు గుడ్లు, ఉల్లిపాయ, నాలుగు రొట్టెలు. మధ్యాహ్నం పప్పో, మొలోఖియా ఆకుకూరో. శుక్రవారం దొరికితే మాంసం. చేతిపని చేసే ప్రతి మగవాణ్ణీ పిలిచినట్టే అతన్నీ అందరూ ఉస్తా అని పిలిచేవారు. అంతకుమించి ఎవరూ అతని గురించి ఆలోచించలేదు.

ఆ కుడిభుజమే ఒకరోజు మొరాయించింది. చెయ్యి తల మీదికి లేవలేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరమ్మ అతని చేత చొక్కా విప్పించి వెనక నుంచి చూసి, బరువంతా ఒకవైపే మోసి వెన్ను పక్కకి లాగేసిందని చెప్పింది. ఎడమవైపు కూడా బలం రావాలి, తేలికపాటి బరువులతో కొన్నాళ్లు సాధన చెయ్యి, దగ్గర్లో ఎక్కడైనా జిమ్ ఉంటే వెళ్లు అంది. జీవితమంతా బరువులు మోసినవాడు బరువులెత్తడం నేర్చుకోవడానికి వెళ్లడమేమిటని ఇంట్లో అతని భార్య షౌకియా చాలాసేపు నవ్వింది.

దగ్గర్లో ఉన్న జిమ్ వగ్దీది. కారు బ్యాటరీల దుకాణం మీద మొదటి అంతస్తు. వగ్దీని అందరూ కాప్టెన్ అనేవారు. బిగుతు చొక్కా, చేతికి లావుపాటి గడియారం, ఎవరితో మాట్లాడినా భుజం మీద చెయ్యేసే అలవాటు. చేరేవాళ్లకి అతను ఒక నియమం పెట్టాడు. ఎవరైనా సరే ముందు కొత్తవాళ్ల ప్యాకేజీ తీసుకోవాలి: ఒక జత గ్లోవ్స్, ఒక డబ్బా ప్రోటీన్ పొడి.

"గ్లోవ్స్ లేకుండా ఇనుము ముట్టుకోనివ్వను ఉస్తా. అలవాటు లేని చేతులు కాయలు కాస్తాయి," అన్నాడు.

మిత్వల్లీ అరచెయ్యి తెరిచి చూపించాడు. కాప్టెన్ చూసి నవ్వాడు గానీ నియమం మాత్రం సడలించలేదు. ఉన్నవాటిలో పెద్ద జత తెచ్చి ఇస్తే, తొడుక్కుంటుండగానే బొటనవేలి దగ్గర కుట్టు విడిపోయింది. ఆ విడిపోయిన జతనే అతను కొనుక్కోవాల్సి వచ్చింది. డబ్బా మూత తీసి చూపించినప్పుడు మాత్రం మిత్వల్లీ ముక్కు దగ్గర పెట్టుకుని, వెనిలా వాసన చూసి, ఎవరికి ఒంట్లో బాగోలేదని అడిగాడు. డబ్బాలో పొడి అంటే అతనికి తెలిసింది పసిపిల్లలూ రోగులూ తాగేదే. నెలంతా ఇంటిల్లిపాదికీ మాంసం పెట్టే డబ్బు పోసి తనకి అది అక్కర్లేదని తెగేసి చెప్పాడు. ఎంత చెప్పినా వినకపోయేసరికి కాప్టెన్ వదిలేశాడు.

మూడు నెలలు వారానికి మూడు సాయంత్రాలు వెళ్లాడు. పిల్లలాడుకునేవాటిలా కనిపించే చిన్న డంబెల్స్‌తో ఎడమచేతిని లేపుతూ దింపుతూ ఉండేవాడు. భుజం నొప్పి నిజంగానే తగ్గింది. ఆ కృతజ్ఞతలోనే, ఒకరోజు కాప్టెన్ ఫోటో తీస్తానంటే సరేనన్నాడు. సభ్యులందరివీ లోపల గోడకి తగిలిస్తాం, గుర్తుగా ఉంటుంది అన్నాడు కాప్టెన్. చొక్కా తీయించాడు. గ్లోవ్స్ వేయించాడు. ఊరికే పట్టుకోమని ఒక డబ్బా చేతిలో పెట్టాడు.

నెల తిరక్కుండా ఆ ఫోటో వీధిలోకొచ్చింది. మిత్వల్లీకి ఆ సంగతి ముందు చెప్పింది నాలుగో అంతస్తులో ఉండే పెద్దావిడ సిత్ ఇనాయత్.

"ఏంటి ఉస్తా, పొడి తాగుతున్నావట. ఇంకేం, ఇకనుంచి రెండేసి బండలు ఎత్తుకొచ్చెయ్," అంది.

కిందికి దిగి వెళ్లి చూశాడు. బ్యాటరీ దుకాణం మీద మేడ వెడల్పంతా ఫ్లెక్సీ. ఎడమవైపు పక్కటెముకలు లెక్కపెట్టగలిగేలా ఒక బక్కమనిషి, ముఖం మసకగా. కుడివైపు తను. మధ్యలో ఎర్రటి బాణం. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. 'ముందు', 'తర్వాత', 'ఆరు నెలలు', 'కొత్తవాళ్ల ప్యాకేజీతో'.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రోజు అతనికి కోపం రాలేదు. తన భుజాలు అంత ఉంటాయని అతనికి అప్పటిదాకా తెలియదు. కూరల సంచీతో వచ్చిన షౌకియా కూడా తలెత్తి చూసి, ఇంత మనిషివా నువ్వు అంది, పెళ్లైన కొత్తలో అన్నట్టు. వీధిలో వాళ్లు కాప్టెన్ అని వెక్కిరిస్తే నవ్వుతూ సెల్యూట్ కొట్టాడు. ఎవరో తెలియని ఒక బక్కమనిషి ఆరు నెలల్లో తనైపోయాడని ఆ బొమ్మ చెబుతోందని అర్థమైంది. అదెవరు నమ్ముతారులే అనుకున్నాడు.

నమ్మినవాడు ఎదురుగానే ఉన్నాడు. ఫ్లెక్సీకి సరిగ్గా ఎదురుగా హమ్దీ ఇస్త్రీ కొట్టు. హమ్దీకి ఇరవై ఏడేళ్లు, ఎంత తిన్నా ఒంటబట్టని శరీరం. పండగ దాటగానే పెళ్లి. కోటు కుట్టించుకుంటే భుజాల దగ్గర హ్యాంగరుకి తగిలించినట్టు వేలాడిందని పెళ్లికూతురి అన్నదమ్ములు నవ్వారట. అతను జిమ్‌లో చేరి ప్యాకేజీ తీసుకున్నాడు. డబ్బా మీద రోజుకి ఒక చెంచా అని ఉంటే, పెళ్లి దగ్గరపడుతోంది కదా, మూడు పూటలా వేసుకో అన్నాడు కాప్టెన్. పొడితో కడుపు నిండిపోయి హమ్దీ అన్నం మానేశాడు. పొద్దుటి నుంచి ఆవిరి పెట్టె ముందు నిలబడి చెమటలు కారుస్తూ, నీళ్లు తాగితే ఒళ్లు నీరుపడుతుందని ఎవరో చెబితే నీళ్లూ తగ్గించాడు. ఒక మధ్యాహ్నం ఎవరిదో చొక్కా ఇస్త్రీ చేస్తూ చేస్తూ బల్ల మీదికి ఒరిగిపోయాడు. చొక్కా కాలిన వాసనకి పక్క దుకాణం వాళ్లు పరిగెత్తుకొచ్చారు.

మిత్వల్లీ నారింజపళ్లు తీసుకుని ఆసుపత్రికి వెళ్లాడు. హమ్దీ చేతికి సెలైన్ పెట్టి ఉంది. మూత్రపిండాలు దెబ్బతినబోయి ఆగాయని, సమయానికి తేబట్టి సరిపోయిందని నర్సు చెప్పింది. అతను వచ్చినందుకు హమ్దీ సంతోషించాడు. కాసేపు అవీ ఇవీ మాట్లాడాక గొంతు తగ్గించి అడిగాడు.

"ఉస్తా, నిజం చెప్పు. నువ్వు రోజుకి ఎన్ని చెంచాలు తాగావు? నేనేదో లెక్క తప్పుంటాను."

మిత్వల్లీ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"ఒక్కటి కూడా తాగలేదు హమ్దీ. ఆ డబ్బా ఊరికే పట్టుకోమంటే పట్టుకున్నాను."

"రోజూ షట్టరు తీయగానే నిన్నే చూసేవాణ్ణి కదా," అన్నాడు హమ్దీ. తర్వాత ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. మిత్వల్లీ పళ్లు అక్కడ పెట్టి వచ్చేశాడు.

దారి పొడుగునా అతని ఒళ్లు మండిపోయింది. ఇరవై ఏడేళ్లలో ఒక్క బండ తూకం తక్కువ ఇచ్చానని ఏ ఇల్లాలూ అనలేదు. సీలు తెగిన బండ ఒక్కటి ఎవరి గుమ్మంలోనూ దించలేదు. అలాంటి తన ఒంటిని ఒక అబద్ధానికి సాక్ష్యంగా మేడకి వేలాడదీశారు. తనేమో దాని కింద నిలబడి సెల్యూట్లు కొట్టాడు. వగ్దీ మీద ఎంత మండిపడ్డాడో, తన మీద అంతకు తక్కువ మండిపడలేదు.

తిన్నగా జిమ్‌కి వెళ్లి ఫ్లెక్సీ దించమన్నాడు. కాప్టెన్ భుజం మీద చెయ్యేయబోతే తోసేశాడు. కాప్టెన్ నొచ్చుకోలేదు. సొరుగులోంచి చేరినప్పుడు నింపిన కాగితం తీసి, అడుగున ఉన్న చిన్న అక్షరాలు చూపించాడు. ఫోటోలు వాడుకోవచ్చని సంతకం ఉంది. పైగా ఏడాదిపాటు ఉచితంగా రమ్మన్నాడు.

"ఇందులో అబద్ధమేముంది ఉస్తా? ఆ చేతులు నీవి కావా?"

"చేతులు నావే. వాటిని పెంచింది నువ్వు కాదు."

మర్నాడు పొద్దున్నే కాప్టెన్ నిచ్చెన వేయించాడు. ఫ్లెక్సీ దించడానికి కాదు. మిత్వల్లీ తల ఉన్నచోట సింహం తల అతికించాడు. భుజాలు, గ్లోవ్స్, డబ్బా అన్నీ అలాగే ఉన్నాయి. ఇప్పుడది నీ ఫోటో కాదుగా అని కబురు పంపాడు. మనిషికి ముఖం ఒక్కటే సొంతం, మిగతాది ఎవరైనా వాడుకోవచ్చన్నట్టు. వీధంతా రెండు రోజులు పగలబడి నవ్వింది. మిత్వల్లీ నవ్వలేదు. షౌకియా కూడా.

ఆ వారం నుంచి అతను రిక్షాని మూలమలుపు దగ్గర కాక సరిగ్గా ఆ ఫ్లెక్సీ కింద ఆపడం మొదలుపెట్టాడు. పానాతో బండ మోగించి, చొక్కా తీసి రిక్షా హ్యాండిల్‌కి తగిలించి నిలబడేవాడు. సిగ్గుగానే ఉండేది. అయినా నిలబడేవాడు. జిమ్ మెట్లెక్కబోయే ప్రతి కొత్తవాణ్ణీ ఆపి పైకి చూడమనేవాడు, తర్వాత తనని చూడమనేవాడు. ఈ భుజాలు ఈ బండలవి, ఇంట్లో వండిన తిండివి, ఇరవై ఏడేళ్లవి అని చెప్పేవాడు. నమ్మనివాణ్ణి ఒక బండ ఎత్తుకుని ఐదో అంతస్తుకి రమ్మనేవాడు. ఇద్దరు ముగ్గురు ఎత్తారు కూడా, రెండో అంతస్తులో దించేశారు. వ్యాయామం మానమని అతను ఎవరికీ చెప్పలేదు. తన భుజం బాగుపడిందీ అక్కడే. డబ్బా కొనొద్దని మాత్రమే చెప్పాడు. బండ దించిన ప్రతి గుమ్మంలోనూ ఆ ముక్కే చెప్పేవాడు. అంతస్తు అంతస్తూ ఎక్కుతూ ఆ మాట పేటంతా పాకింది.

పది రోజులకి కాప్టెన్ పెద్దమనుషుల దగ్గరికి పోయాడు. తన పొట్ట కొడుతున్నాడని ఫిర్యాదు. హజ్ చేసొచ్చి పేటలో తగవులు తీర్చే హాగ్ రిఫాయీ తన కాఫీ దుకాణంలో మధ్యాహ్నం ప్రార్థన తర్వాత ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. మరో ఆరేడుగురు పెద్దవాళ్లు వచ్చారు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన హమ్దీ కూడా శాలువా కప్పుకుని ఒక మూల కూర్చున్నాడు. కాప్టెన్ చాలా బాగా మాట్లాడాడు. విదేశాల్లో పరీక్షలు చేసిన సరుకన్నాడు, హమ్దీ అతిగా తాగితే తనదా తప్పన్నాడు, మిత్వల్లీ తాగుతున్న టీ డబ్బులు కూడా తానే ఇస్తానన్నాడు.

మిత్వల్లీకి అలా మాట్లాడటం రాదు. ఒక్కటే అడిగాడు.

"కొత్త డబ్బా, సీలున్నది తెప్పించు. హమ్దీకి చెప్పినట్టే మూడు చెంచాలు కలుపు. మా అందరి ముందూ నువ్వు తాగు."

హాగ్ రిఫాయీ సబబుగానే ఉందని గ్లాసు తెప్పించబోయాడు. కాప్టెన్ గడియారం సర్దుకున్నాడు.

"నాకది పడదు హాగ్. కడుపు ఉబ్బరం చేస్తుంది. డాక్టరు వద్దన్నాడు."

ఎవరో కిసుక్కుమన్నారు. మిత్వల్లీ మాత్రం లేచి నిలబడ్డాడు.

"నీకు పడదని నీకు తెలుసు. డాక్టర్నీ అడిగావు. వాడికి పడుతుందో లేదో ఒక్కమాట అడిగావా? పెళ్లి కావాల్సినవాడు. వాడి దుకాణం ఎదురుగా నా ఒళ్లు వేలాడదీసి వాణ్ణి పిలిచావు. నా చేత్తో పిలిచావు."

హమ్దీ తల వంచుకుని శాలువా అంచు మడత పెడుతున్నాడు, ఇస్త్రీ చేసేవాళ్లకుండే అలవాటు. ఫ్లెక్సీ ఆ పూటే దించాలని, హమ్దీ వైద్యం ఖర్చు కాప్టెన్ భరించాలని, ఇకపై డబ్బా ఎవరికీ బలవంతంగా అంటగట్టకూడదని తీర్పయింది. కాప్టెన్ లేచి, పెద్దలకు చేసినట్టు హాగ్ తల మీద ముద్దుపెట్టి ఒప్పుకున్నాడు. నలుగురిలో ఎంత మర్యాదగా ఒప్పుకున్నాడంటే, బయటికొస్తూ ఇద్దరు అతన్నే మెచ్చుకున్నారు. అది విని మిత్వల్లీ పళ్లు కొరికాడు.

ఫ్లెక్సీ దిగింది. జిమ్ మూతపడలేదు. హమ్దీ పెళ్లి నెల ఆలస్యంగా జరిగింది. కోటుని దర్జీ భుజాల దగ్గర తగ్గించి కుట్టాడు, చక్కగా అమిరింది. పెళ్లిలో అతను మిత్వల్లీని తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు గానీ పొడి మాట ఇద్దరూ ఎత్తలేదు.

ఆ పెళ్లిలోనే సిత్ ఇనాయత్ అల్లుడు ఇంకో సంగతి చెప్పాడు. ఊళ్లోనే సముద్రం వైపు సిదీ బిష్ర్ పేటలో వగ్దీకి రెండో జిమ్ ఉందట. సింహం తల ఫ్లెక్సీ ఇప్పుడక్కడ ఉందట.

ఆ తర్వాతి శుక్రవారం ప్రార్థన కాగానే పని బట్టలు వేసుకుని మిత్వల్లీ మైక్రోబస్ ఎక్కి వెళ్లాడు. అవే భుజాలు, అదే చిరిగిన గ్లోవ్స్. కింద నలుగురు కుర్రవాళ్లు తలెత్తి చూస్తున్నారు. పక్కనే ఉన్నవాణ్ణి వాళ్లు గుర్తుపట్టలేదు. అతను పక్కనున్న చెరకురసం దుకాణానికి వెళ్లి, ఫ్లెక్సీ దించాలి, నిచ్చెన ఇవ్వమన్నాడు. దుకాణదారు ఎందుకని కూడా అడగలేదు. పని బట్టల్లో ఉన్న మనిషి నిచ్చెనెక్కుతుంటే ఎవరికీ అనుమానం రాలేదు. జిమ్ కౌంటర్‌లో అమ్మాయి బయటికొచ్చి, కొత్తది పెడుతున్నారా అని అడిగింది. లేదు, తీసేస్తున్నానన్నాడు. కింద ఎవరి మీదా పడకుండా చూడమని చెప్పి ఆమె లోపలికి పోయింది.

ఎండలో, అందరూ చూస్తుండగా, తాళ్లన్నీ విప్పి, ఫ్లెక్సీని చుట్ట చుట్టి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. షౌకియా దాన్ని మేడ మీద కోళ్లగూటికి వాన పడకుండా కప్పింది, బొమ్మ లోపలివైపుకి వచ్చేలా.

వాడు ఇంకోటి వేయించుకుంటాడుగా అంది.

"వేయించుకోనీ. నాకు శుక్రవారాలు ఖాళీయే," అన్నాడు మిత్వల్లీ. గొంతులో కోపం ఇంకా చల్లారలేదు.