మోకాళ్ల లోతు సముద్రం

మొన్న మా అక్క కూతురు విశాఖపట్నం నుంచి వీడియో కాల్ చేసి, "మామా, గిదే సముద్రం, చూడు! నువ్వు చెప్పినంత ఏం లేదు" అని నవ్వింది. అరచేతిలో అలలు వచ్చి పోతుంటే నాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల తండ్రి, అంటే మా బావ, సముద్రం చూడకుండానే పోయాడు, ఆ పాపంలో నా వాటా ఉంది.

మందమర్రి బొగ్గుబాయిలో నేనూ బావా ఒకే షిఫ్టు. నా పెళ్లికి ముందే బాపట్ల పోయి సముద్రం చూసి వచ్చానని నేను కోసిన కోతలకు అంతులేదు. నిజానికి నేను చూసింది మంచిర్యాల దగ్గర గోదావరిని; దానికి అవతలి ఒడ్డు తీసేసి సముద్రం తయారు చేశాను. ఒక అల లారీని ఎత్తుకుపోతే, వెనకొచ్చిన అల దాన్ని శుభ్రంగా కడిగి, డ్రైవరు నిద్ర చెడకుండా రోడ్డు మీద పెట్టి పోయిందని చెబితే చాయ్ హోటల్లో అందరూ పొట్టలు పట్టుకునేవాళ్లు. బావ మాత్రం నవ్వకుండా, "గా లారీల ఏం లోడున్నదిరా?" అని అడిగాడు.

"ఉప్పు బావా. అప్పటిసంది సముద్రం ఉప్పగైంది."

నమ్మాడో లేదో గానీ, ఆ ఏడు ఎండాకాలం రాకముందే పట్టు పట్టాడు. "ఒక్కపారి నన్ను తోల్కపోరా. నువ్వు చూసిన జాగలనే నిలబడి చూస్త."

ఏ స్టేషన్లో దిగాలో కూడా తెలియని నేను, పరువు పోతుందని, పెద్దపల్లిలో దోస్తు పెళ్లి ఉందని చెప్పి, దారీతెన్నూ ముందే చూసుకోవడానికి ఒక్కణ్ణే బాపట్ల రైలెక్కాను.

మూడు రోజులున్నాను. తొందరేమీ లేదు. పొద్దున్నే ఇసుకలో కూర్చోవడం, ఆకలైతే లేచి ఇంత తినడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. టీ కొట్టాయన రోజూ "ఒక్కరే వచ్చారా అండీ?" అని అడిగేవాడు; రోజూ తలూపేవాణ్ణి. అంత నీటిని చూసి నోట ఒక్క అబద్ధం పుట్టలేదు, పుట్టినా వినేవాడు పక్కన లేడు.

మూడో రోజు చొక్కా విప్పి నీళ్లలోకి దిగబోతూ, బాయి అలవాటుకొద్దీ బిళ్ల కోసం జేబు తడుముకున్నాను. బాయిలోకి దిగే ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి బిళ్లను పైన అప్పగించి దిగుతాడు. షిఫ్టు అయ్యాక కొక్కేనికి బిళ్ల మిగిలిందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు, వెతకడానికి దిగుతారు. నా బిళ్ల తీసిందాకా బావ, ఆయనది తీసిందాకా నేను ఇంటికి కదిలేవాళ్లం కాదు. ఇక్కడ ఎవరికిచ్చి దిగాలి? నేను రాకపోతే లెక్క చూసేదెవరు? మోకాళ్ల దాకా పోయి, భయమేసి వెనక్కి వచ్చేశాను.

ఇంటికొచ్చి బావ ముందు దాచలేక అంతా చెప్పేశాను.

"మోకాళ్ల దాకానే పోయినవా?"

"అవును బావా."

"నేను ఒడ్డుకు కూసుంటే మెడదాక పోతుంటివి గదరా, బేవకూఫ్" అన్నాడు.

తిట్టింది అంతే. వచ్చే ఎండాకాలం తప్పకుండా ఇద్దరం పోదామనుకున్నాం. ఆ ఎండాకాలానికి బావను ఊపిరాడనివ్వని దమ్ము పట్టుకుంది. నాలుగు మెట్లెక్కడమే గగనమైన మనిషి రైలేం ఎక్కుతాడు? మంచంలో ఉండి మళ్లీ ఆ లారీ కథే చెప్పమనేవాడు. నేను చెప్పేవాణ్ణి, కానీ ఒకసారి నిజం చూసి వచ్చాక నా అబద్ధంలో ఉప్పు తగ్గింది.

ఇప్పుడు మా కాలనీలో సముద్రం చూడనివాళ్లు తక్కువ. చూసి వచ్చినవాణ్ణి చుట్టూ కూర్చోబెట్టుకుని ఎట్లుంటదని అడిగే ఆత్రం ఎవరికీ లేదు, అన్నీ ముందే ఫోన్లో వచ్చేస్తాయి. కోతలు కోసేవాడికి ఇది చెడ్డకాలం. అయినా నన్ను తినేది అది కాదు. ఆనాడు బావను వెంట తీసుకుపోయి ఉంటే ఏమయ్యేది? నా అబద్ధం అక్కడే బయటపడేది, బావ ఆ ఒడ్డున కూర్చుని రెండు రోజులు కడుపారా నవ్వేవాడు.