మబ్బు ఎత్తుకొచ్చిన పిల్ల ఊరికి

మబ్బుపిల్ల కథ చదవకుండా మా ఇంట్లో ఎవరూ పెద్దవాళ్లు కాలేదు. ఊరి చెత్తతిప్ప మీద ఏడుస్తున్న పసిబిడ్డను ఒక మబ్బు ఎత్తుకుపోయి పెంచుతుంది. ఆ పిల్ల పెద్దదై మబ్బుల్ని గొర్రెల్లా మేపుతుంది. ఆ కథ ఎలా పుట్టిందో చెబుతూ పోయినేడు ఒక చారిత్రక నవల వచ్చింది. శింగనమల దగ్గరి పల్లెలో ఒక గొర్రెలకాపరి భార్య, కరువులో సాకలేక ఆడబిడ్డను తిప్ప మీద పారేసిందట. బిడ్డ చచ్చిపోయిందట. ఆ దుఃఖంలోంచి ఆమె అల్లిన కథను ఊరి బడిపంతులు రాసిపెట్టాడట. ఆ అధ్యాయం చదివి వెక్కివెక్కి ఏడ్చి, ఆ ఊరు చూడాలని బయలుదేరాను.

కాచిగూడలో రాత్రి బండెక్కితే తెల్లారేసరికి అనంతపురం. బస్టాండు ఎదుట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినండి, వంక పెట్టలేరు. శింగనమల బస్సు ఎనిమిదికన్నారు, తొమ్మిదికి కదిలింది. దారి పొడుగునా శెనక్కాయ చేలు మోకాలెత్తు కూడా రాకుండానే ఎండిపోయి ఉన్నాయి. పక్క సీటు రైతు నా చేతిలో పుస్తకం చూశాడు.

"పిల్లను పారేసిన తావుకేనా అన్నా? మా ఊరికి వానలు రాకపోయినా మీరైతే వస్తాండారు."

శింగనమలలో ఆటో మాట్లాడుకున్నాను. నేను అడక్కుండానే ఆటో అతను పల్లె బయట తిప్ప దగ్గర ఆపాడు. అక్కడ 'పిల్లను పారేసిన చోటు' అని బాణం గుర్తుతో ఒక రేకు బోర్డు. ఒకామె ముఖం దిగులుగా పెట్టుకుని నిలబడితే, భర్త ఫొటో తీస్తున్నాడు. నేనూ కెమెరా బయటికి తీశాను. ఇంతలో ఒక ముసలామె పేడగంపతో వచ్చి, కొంచెం జరగమంది. చచ్చిపోయిన ఆ బిడ్డ తరఫువాళ్లు ఊళ్లో ఎవరైనా ఉన్నారా అని ఆమెనే అడిగాను.

"సచ్చిపోయిన పిల్లను నేనేనప్పా. నా పేరు తిప్పమ్మ."

పేరు వినగానే ఆ నవల రాసినవాడి మీద ఒళ్లు మండిపోయింది. మా పెదనాన్న పేరు పెంటయ్య. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో, కొత్తగా పుట్టిన బిడ్డను కాసేపు చెత్తకుప్ప మీద పడుకోబెడతారు. ఇంకొకామె ఎత్తుకొచ్చి మళ్లీ తల్లి చేతికిస్తుంది. పారేసిన బిడ్డ జోలికి చావు రాదని నమ్మకం. పేరు కూడా అలాగే పెడతారు. ఈ సంగతి తెలియనివాడు తెలుగు నవల ఎలా రాశాడు?

తిప్పమ్మ నన్ను ఇంటికి తీసుకెళ్లి మజ్జిగ ఇచ్చింది. ముందు పుట్టిన ముగ్గురూ పోయాక తను పుట్టిందట. పేరు చూసి తోటి పిల్లలు ఎగతాళి చేస్తే, నిన్ను ఎత్తుకొచ్చి నా చేతికిచ్చింది మబ్బేనమ్మా అని తల్లి చెప్పేదట. కథంతా అక్కడ పుట్టింది. నవలాకారుడు వచ్చినప్పుడు ఇదంతా తనే చెప్పానంది.

"అంతా విన్నాడు, కాఫీ తాగినాడు, పోయినాడు. ఇప్పుడు బడిలో మా మనవరాలిని పారేసినోళ్ల పిల్ల అంటాండారు. మా యమ్మ నన్ను పారేయలేదని ఒక్క మాట రాయమనప్పా."

శింగనమల టెలిఫోన్ బూత్ నుంచి, పుస్తకం వెనక ఉన్న నంబరుకు చేశాను. నవలాకారుడే ఎత్తాడు. తిప్పమ్మగారు బతికున్న సంగతి తనకు తెలుసట. "బిడ్డ బతికితే పాఠకుడు ఎందుకు ఏడుస్తాడండీ?" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. నేను ఏడ్చిన ఏడుపంతా తలుచుకుంటే సిగ్గేసింది, అంతకు రెట్టింపు కోపం వచ్చింది. కన్నకూతుర్ని దక్కించుకోవడానికి ఆ తల్లి పడిన పాట్లను హత్యగా మార్చి అమ్ముకుంటున్నాడు, పైగా అది చరిత్రట!

అదే ఆటోలో మళ్లీ తిప్ప దగ్గరికి పోయి బోర్డు ఊడబీకాను. నా బేరం పోతాది కదన్నా అని ఆటో అతను మొత్తుకున్నాడు. వచ్చినవాళ్లను తిప్పమ్మ ఇంటికి తీసుకుపో, బేరం ఎక్కడికీ పోదన్నాను.

ఇది రాత్రి బండిలో రాస్తున్నాను. రేకు బోర్డు నా బెర్తు కింద ఉంది, బండి కుదిపినప్పుడల్లా చప్పుడు చేస్తోంది. మీరూ ఆ ఊరికి తప్పకుండా వెళ్లండి. ఏ గుర్తూ కనపడదు. తిప్పమ్మ ఇల్లెక్కడని అడగండి.