పిట్ట ముట్టని విస్తరి

నేను ఫిజిక్స్ లెక్చరర్‌ని. దయ్యమనేది పిల్లల్ని పడుకోబెట్టడానికి పనికొచ్చే మాట అనుకునేవాణ్ని, ఇప్పటికీ అదే అనుకుంటాను. పోయినవాళ్లు తిరిగొస్తారని ఎవరన్నా అంటే నవ్వి ఊరుకోను, వాదన పెట్టుకుంటాను. అది నా జబ్బు. పోయినేడు ధర్మసాగర్ దగ్గర మా పొలంలో జరిగింది తలుచుకుంటే నాకు భయం వేయదు. సిగ్గేస్తుంది.

మా బాపు, అంటే మా నాన్న, మిలిటరీలో పనిచేశాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో గుండ్లు పడుతుంటే, గాయపడ్డ తోటి సిపాయిని వీపు మీద మోసుకొచ్చాడు. అందుకు పతకమిచ్చారు. ఆయన తొడలో దిగిన ఇనుప ముక్క చివరిదాకా అక్కడే ఉంది. రిటైరయ్యాక హనుమకొండలో ఒక బ్యాంకు ముందు తుపాకి పట్టుకొని కూర్చున్నాడు. అక్కడే సుబేదారి పేటలో మా ఇంట్లో మాత్రం ఆయన పని వెల్లిపాయల పొట్టు తీయడం, మనవరాళ్లకు జడలేయడం, అందరి బట్టలూ ఇస్త్రీ చేయడం. యుద్ధం గురించి చెప్పమంటే, "ఏమున్నది బిడ్డా, చలి మస్తుండె" అనేవాడు.

గుండెపోటుతో పోయాడు. పొలంలోనే దహనం చేశాం. మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో వడ్డించి, దూరం జరిగి చూస్తాం. కాకి వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్లెవరూ తినకూడదు. ముట్టకపోతే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలిపోయిందంటారు. నాకు ఇవేవీ పట్టవు గానీ అమ్మ ముఖం చూసి ఒప్పుకున్నాను.

మటన్, గుడ్లు, గారెలు, కల్లు, మిలిటరీ క్యాంటీన్ రమ్ము, అన్నీ పెట్టాం. నేను పతకం కూడా తెచ్చి విస్తరి పక్కన పెట్టాను. నిజం చెప్పాలంటే చుట్టాలు చూడాలనే పెట్టాను.

కరెంటు తీగ మీద కాకులు బారుగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. ఎండ ముదిరింది, మటన్ మీద ఈగలు ముసిరాయి. ఊరకుక్క ఒకటి వచ్చి వాసన చూసి, నోరు పెట్టకుండానే పోయింది.

కోరికేందో అడగండని కాక అన్నాడు. కాక అంటే బాపు తమ్ముడు. ఒక్కొక్కరం పోయి దండం పెట్టి మాటివ్వడం మొదలుపెట్టాం. అమ్మను మంచిగా చూసుకుంటానని చెల్లె ఏడ్చింది. బాపుతో ఉన్న పొలం గట్టు పంచాయితీ ఇక ఎత్తనని కాక ఒట్టేశాడు. నేను నలుగురికీ వినపడేట్టు, ఊరి ముందు విగ్రహం పెట్టిస్తానన్నాను. చుట్టాలు శభాష్ అన్నారు. తీగ మీది కాకి అటు తిరిగి ముక్కు గీక్కుంది.

పిల్లలు ఆకలికి ఏడుపందుకున్నారు. అప్పుడు అమ్మ ముందుకొచ్చింది.

"మీ బాపు ఎన్నడన్న మందికంటె ముందుగాల తిన్నడార? ముందుగాల మీరు తినుండ్రి."

కాక వద్దన్నాడు, అరిష్టమన్నాడు. అమ్మ వినలేదు. ఆమె చెప్పింది నిజమే. మిలిటరీలో తన కింది జవాన్లు తిన్నాకే ఆయన పళ్లెం పట్టేవాడట. ఇంట్లోనూ అంతే, అందరు తిన్నరా అని అడగందే కూర్చునేవాడు కాదు. మాకు అది ముసలాయన చాదస్తంలాగే ఉండేది.

వేపచెట్టు కింద కూర్చొని తిన్నాం. చేతులు కడుక్కొని నేనే విస్తరి దగ్గరికి పోయి, "అందరం తిన్నం బాపూ, ఇగ నువ్వు తిను" అన్నాను. మిగతావాళ్లూ వచ్చి నా వెనక నిలబడ్డారు. కాకులు కదల్లేదు.

నాకు కోపమొచ్చింది. ఇదంతా పిచ్చి, సర్దెయ్ అని సుజాతను కేకేశాను. సుజాత నా భార్య. తెల్లారకముందే లేచి రాళ్ల పొయ్యి మీద ఇన్ని వంటలూ వండింది ఆమే. మోటారు గది వెనక బోరు దగ్గర గిన్నెలు తోముతోంది, మసి చేతులతోనే వచ్చింది. అమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"సుజాతా, నువ్వు తిన్నవా?"

"గిన్నెలైనంక తింట తియ్యి అత్తమ్మా."

 అమ్మే అన్నం కలిపి ముద్ద ఆమె నోట్లో పెట్టింది. సుజాత అది మింగిందో లేదో, తీగ మీంచి ఒక కాకి దిగింది. మా కాళ్ల పక్క నుంచే గెంతుతూ పోయి విస్తట్లో మెతుకులు ముట్టింది. వెనకే మిగతావన్నీ దిగాయి.

అందరూ దండాలు పెట్టుకున్నారు, ఆయన ఆత్మ శాంతించిందన్నారు. నేను పెట్టలేకపోయాను. చచ్చేంత సిగ్గేసింది. మా ఇంట్లో సుజాతను తిన్నవా అని అడిగేది బాపు ఒక్కడే.

మనుషుల అలికిడికి కాకులు జంకాయందామంటే, అవి దిగినప్పుడే మేం అందరం విస్తరికి దగ్గరున్నాం. ఆకలై దిగాయందామంటే, అంతసేపూ ఆ ఆకలి ఏమైంది? చెల్లె ఫోన్లో వీడియో ఉంది. ఎన్నోసార్లు చూశాను, లెక్క తేలడం లేదు.

ఆ కాకి దేనికోసం ఆగిందో నేను చెప్పలేను. బాపు పోయిన ఆ మూడు రోజులూ నా భార్య ఏం తిన్నదంటే, అదీ చెప్పలేను.