అమ్మ వేసిన మడత

అమ్మ పోయిందన్న కబురు కోయిలకుంట్లలో మేనమామ ఇంట ఉన్న నాకు మొదట తెచ్చింది మా పక్కింటి ఖాసింబీ. అప్పుడు నాకు ఏడేళ్లు. ఈ ఉదయం బట్టల పెట్టె తెరవగానే ఎండు వేపాకు వాసనకు ఖాసింబీ గుర్తొచ్చింది.

అవ్వ నుంచి అమ్మకొచ్చిన పెళ్లి పట్టుచీర ఆ వేపాకుల నడుమే ఉండేది. ఏటా ఎండలు ముదరగానే ఖాసింబీ వచ్చేది.

"మడత మార్చల్ల బిడ్డా. ఒకే మడతలో ఉంటే పట్టు ఇరుగుతాది."

"అది మాయమ్మ ఏసిన మడత. ముట్టుకోవద్దు!" అని పెట్టెమీదెక్కి కూర్చునేదాన్ని.

"మీయమ్మే నాకు అప్పజెప్పింది, నీ పెండ్లికి కట్టల్లని."

"అబద్ధం!"

"సరేలే, కోడి గుడ్లు పొదిగినట్ల ఆడనే కూచో తల్లీ," అని నవ్వి వెళ్లిపోయేది.

నా పెళ్లికి విప్పితే చీర మడత మడతకూ చీలి, పీలికలై చేతికొచ్చింది. ఖాసింబీ ఆ పీలికల్ని ఒళ్లో పోసుకుంది. చెడని జరీ ముక్క ఏరి నా రవికె చేతులకు కుడుతూ, తనలో తాను అంటోంది: "మాపు చెయ్యక్కా. నీ మాట నిలపలేకపోతి."

అది అబద్ధం కాదని అప్పుడు తెలిసింది.

అటువంటి మనిషిని నా పక్కింట ఉంచిన దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. మీరు కూడా దీపం పెట్టేవేళ ఖాసింబీని ఒక్కసారి తలుచుకోండి.