కాటుకను షెడ్డులో పెట్టిన దీపావళి

పెడనలో పాపాయమ్మక్క పేరెత్తితే చాలు, "ఆ కుక్కావిడేగా" అని నవ్వుతారు. నవ్వేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కుక్క పోయిందని మనిషి అన్నం మానేయడం విడ్డూరంగానే కనిపిస్తుంది, కాదనను. కానీ ఆవిడ ఎందుకు మానేసిందో విని అప్పుడు నవ్వండి. విన్నాక కూడా నవ్వొస్తే ఇక మీ ఇష్టం.

అక్కది కప్పలదొడ్డి. మగ్గాల ఇంట పుట్టి, పెడనలో మగ్గం నేసే నాంచారయ్యగారింటికి కోడలిగా వచ్చింది. పిల్లలు లేరు. ఆయన పోయాక మగ్గం అమ్మేసి, నాగభూషణరావుగారి కలంకారీ షెడ్డులో అచ్చులు వేసే పనికి కుదిరింది. పక్క బల్ల నాది. నేను నోరున్నదాన్ని, ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి. అయినా మా ఇద్దరికీ ఎలా కుదిరిందో, పొద్దుటి టీ నుంచి సాయంత్రం అచ్చులు కడిగి ఆరబెట్టేదాకా ఒకరినొకరం వదిలేవాళ్ళం కాదు.

షెడ్డులో నల్లరంగు బాధ్యత అక్కది. తుప్పు పట్టిన ఇనప ముక్కలూ బెల్లమూ పెద్ద కుండలో నీళ్ళలో వేసి, మూతికి గుడ్డ వాసెన కట్టి వారాల తరబడి మగ్గనిస్తారు. ఆ నీరే మా నల్లరంగు. కరక్కాయ నీళ్ళూ గేదెపాలూ పట్టించి ఆరేసిన బట్ట మీద అచ్చు పడగానే గీత నల్లగా తేలుతుంది. కుండ మగ్గిందో లేదో చూడాలంటే అక్క వేలు ముంచి, చుక్క నాలుక మీద వేసుకుని, ఉమ్మేసి చెప్పేది. ఆవిడ "అయింది" అంటే అయినట్టే.

మా నాగభూషణరావుగారికి ఒక పాట ఉంది. బయటినుంచి కొనేవాళ్ళు ఎవరొచ్చినా ఆ కుండ దగ్గరికి తీసుకొచ్చి, "మా దగ్గర మందులేవీ ఉండవండి. ఆకు, బెరడు, బెల్లం, ఇనుము, అంతే. పసిపిల్ల చప్పరించినా ఏం కాదు" అనేవారు. వచ్చినవాళ్ళు తలలూపి ఫోటోలు తీసుకునేవారు. మాకూ గొప్పగానే ఉండేది. పక్క ఊళ్ళలో రంగుల డబ్బాలు తెరవగానే కళ్ళు మండుతాయి, మా షెడ్డులో అలాంటిదేమీ లేదని పదిమందిలో చెప్పుకునేవాళ్ళం.

కాటుక, అదే అక్క కుక్క, కాలవ దగ్గర దొరికింది. అచ్చేసిన బట్టలు పారే నీళ్ళలో జాడిస్తుంటే, ఎక్కడిదో కుక్కపిల్ల తడిసి ముద్దయి వచ్చి అక్క చీర కుచ్చిళ్ళలో దూరింది. ఒళ్ళంతా నలుపే, మూతితో సహా. అక్క దాన్ని కొంగులో చుట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది. మరునాటి నుంచి అది కూడా మాతో పాటే షెడ్డుకి.

పెంచడమంటే అలా ఇలా పెంచలేదండీ. మా వాడలో కుక్కలకి మిగిలిన కూడు పడేయడమే ఎక్కువ. అక్క మాత్రం ఏటా పశువుల ఆసుపత్రిలో రేబిస్ సూది వేసే రోజుకి దాన్ని ముందే స్నానం చేయించి తీసుకెళ్ళేది. నులిపురుగుల మాత్ర ఎప్పుడు వెయ్యాలో, పిడుదులు ఎలా తియ్యాలో అన్నీ అడిగి తెలుసుకునేది. మాత్ర ఊరికే పెడితే కాటుక ఉమ్మేసేది. అందుకని కుండలో వేసే బెల్లం కొట్టేటప్పుడు ఒక ముక్క దాచి, అందులో మాత్ర పెట్టి మింగించేది. మాత్ర లేని రోజున కూడా అది బెల్లం కోసం ఆవిడ చేతులు నాకుతూ కూర్చునేది. "పెళ్ళికెళ్తూ పిల్లిని చంకనెట్టుకెళ్ళినట్టు ఎక్కడికైనా ఇదేనా అక్కా, దీనికి ఆధార్ కార్డు కూడా తీయించు" అని నేనంటే, "తీస్తే తీయించనూ" అనేది నవ్వకుండా.

నేను చెప్పబోయే దీపావళికి ముందు ఏడు, పండక్కి ఆ కుక్క పడ్డ పాట్లు చూశాను. అక్కది రోడ్డు మీదికున్న ఒక్క గది ఇల్లు, పైన రేకులు. గుమ్మం ముందు ఎవరో పేద్ద టపాకాయల సరం వెలిగించారు. కాటుక పిచ్చెత్తినట్టు దూకి, ఎటు పోయిందో తెలియకుండా పోయింది. రోజుల తరబడి అక్క బందరు రోడ్డు వెంట తిరిగింది. చివరికి రైలు గేటు దగ్గర తుప్పల్లో, కాలు వాచి, పిలిస్తే లేవలేక తోక మాత్రం ఊపుతూ దొరికింది. అప్పుడే ఒట్టేసుకుంది, మళ్ళీ పండక్కి దీన్ని వీధి మొహం చూడనివ్వనని.

అందుకే ఈసారి ముందుగానే ఆసుపత్రికెళ్ళి డాక్టరమ్మని అడిగింది. దుర్గాభవాని గారని గుడివాడ వైపు పిల్ల, ఓపిక గల మనిషి. "గొలుసుతో కట్టొద్దమ్మా, మెడకి బిగించుకుంటుంది. చప్పుడు తక్కువ వినిపించే గదిలో పెట్టండి. ముందే కడుపునిండా పెట్టండి. నీళ్ళు మర్చిపోవద్దు" అని చెప్పింది. అక్కకి డాక్టరమ్మ మాట వేదం.

చప్పుడు వినపడని గది అంటే మా షెడ్డే. వెనక సందులో కాలవ ఒడ్డున ఉంటుంది, గోడలు మందం, కిటికీలు ఎత్తు, లోపల బట్టల బేళ్ళు. అడగ్గానే నాగభూషణరావుగారు తాళం ఇచ్చారు. "నీ కాటుకకి కాకపోతే ఎవరికి పాపాయమ్మా" అన్నారు కూడా. పండగ పూట మధ్యాహ్నం నేనూ వెంట వెళ్ళాను. అక్క ఎంత జాగ్రత్త పడిందో నా కళ్ళతో చూశాను. పటిక సంచీ అటక మీద పెట్టింది. సున్నం, నేల కడిగే బ్లీచింగు డబ్బా బయట గదిలో పెట్టి తలుపేసింది. నేల మీద మేకు ముక్క కూడా లేకుండా ఊడ్చింది. పాత దుప్పటి పరిచి, పెరుగన్నం పెట్టి, స్టీలు బేసిన్లో నీళ్ళు పోసింది. నల్లరంగు కుండని ఒక్కదాన్నే కదపలేదు, మగ్గే కుండని కదపకూడదు గనక. పైగా అది బెల్లం నీళ్ళేగా. దాన్ని చూసి భయపడాలని ఆవిడకి తోచలేదు, నాకూ తోచలేదు. రోజూ చేతులు ముంచే కుండని చూసి ఎవరు భయపడతారు?

అక్క అక్కడే కూర్చుంటానంది. కానీ నాంచారయ్యగారు పోయినప్పటినుంచీ ఆ ఇంట్లో పండగనాడు దీపం పెట్టేది ఆవిడొక్కతే. ఇల్లు చీకటిగా ఉంచితే ఎలా? దీపాలు పెట్టి వస్తానని కాటుక తల నిమిరి, బయట గొళ్ళెం పెట్టి వచ్చింది.

దీపాలు పెట్టి తిరిగి బయల్దేరేసరికి వీధంతా పొగ. ఎలాగో కాళ్ళు కాల్చుకోకుండా షెడ్డు దాకా వెళ్ళింది. తలుపుకి చెవి పెట్టి విన్నది. లోపల అలికిడి లేదు. తీస్తే ఆ చప్పుళ్ళకి ఎక్కడ దూకి పారిపోతుందోనని తియ్యలేదు. దారిలో నాకు ఎదురై, "హాయిగా పడుకుందే రాజ్యం" అంది. ఆ మొహంలో అంత నిశ్చింత నేనెప్పుడూ చూడలేదు.

తెల్లవారగానే ఇద్దరం వెళ్ళి తలుపు తీశాం. బేసిన్ బోర్లా పడి ఉంది. కుండ వాసెన ఊడి పక్కన పడి ఉంది. నేలంతా వాంతులు. ఏళ్ళ తరబడి నల్లరంగు ఒలికిన నేల అది, ఏది మరకో ఏది వాంతో కూడా తెలియలేదు. కాటుక బేళ్ళ వెనక నక్కి వణుకుతోంది. "హడిలిపోయి కుండ మీద పడ్డట్టుంది పిచ్చిమొహం" అంటూ అక్క వాసెన మళ్ళీ బిగించి కట్టింది. దాన్ని ఎత్తుకోబోతే చేతుల్లోనే విరేచనమైంది, రక్తంతో.

మా వీధి ఆటో యుగంధర్ పండగ బద్ధకం మానుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ వచ్చీ రాగానే అడిగిన మొదటి ప్రశ్న అదే. "ఏమన్నా తిందామ్మా? ఎలకల మందు, పురుగుమందు, రంగుల మందులు?"

"మా షెడ్డులో మందులుండవండి" అంది అక్క. అంత కంగారులోనూ ఆ మాట కాస్త గర్వంగానే అంది. "ఆకులూ బెరళ్ళేనండి అన్నీ."

డాక్టరమ్మ నా వైపు చూసింది. "అవునండీ, మావి మంచి రంగులు" అన్నాను.

సూదులు వేసి, సెలైన్ ఎక్కించి, "భయానికి కూడా కడుపు పాడవుతుంది. ఇవాళంతా కనిపెట్టుకుని ఉండండి, ఏమాత్రం తేడా ఉన్నా తీసుకురండి" అని పంపించింది.

ఆ సాయంత్రం కాటుక లేచి కూర్చుంది. అక్క పెరుగన్నం కలిపి వేలితో పెడితే నాలుగు మెతుకులు తింది. నన్ను చూసి తోక ఊపింది కూడా. అక్క కళ్ళు తుడుచుకుని, మిగిలిన అరిసెలు వాడంతా పంచింది. "గండం గడిచింది రాజ్యం" అని నా చెయ్యి పట్టుకుంది. నాకూ ప్రాణం కుదుటపడింది. ఇప్పుడు ఆ సాయంత్రాన్ని తలుచుకుంటే దేవుడి మీద కోపమొస్తుంది. తీసుకెళ్ళేవాడివి తీసుకెళ్ళు, మధ్యలో ఆ ఆశ ఎందుకు చూపించడం?

మరునాడు పొద్దున కాటుక లేవలేదు. కళ్ళు పచ్చబడ్డాయి, ఒళ్ళు చల్లబడింది. మళ్ళీ ఆటో, మళ్ళీ అదే బల్ల. డాక్టరమ్మ దాని పెదవి ఎత్తి చిగుళ్ళు చూసింది.

"నిన్న బాగుండి ఇవాళ ఇలా అయిందంటే లోపల ఏదో విషం పని చేస్తోందమ్మా. ఆ గదిలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే చెప్పండి. మందా కాదా అన్నది నాకు వదిలెయ్యండి."

అక్క చెప్పసాగింది. బట్టలు, కరక్కాయ పొడి, కొయ్య అచ్చులు, నల్లరంగు కుండ. అందులో ఏముంటుందని డాక్టరమ్మ అడిగింది.

"బెల్లమండి. ఇనుము. నీళ్ళు."

"మూత ఉందా?"

"వాసెన కట్టాను. ఊడిపోయి ఉంది" అంది అక్క. ఒలికిన నీళ్ళ బేసినూ, బెల్లం వాసనా, ఊడిన వాసెనా ఆవిడకి అప్పుడు ఒక్కచోటికి వచ్చాయి. నాకూ వచ్చాయి.

డాక్టరమ్మ మెల్లిగా చెప్పింది. కరిగిన ఇనుము అంత ఒంట్లోకి పోతే కడుపుని కోసేస్తుందట. తరవాత ఒక పూట తేరుకున్నట్టే ఉంటుందట. ఆ తరవాత కాలేయం పోతుందట.

నాకు ఆగలేదు. "నిన్న పొద్దున్నే తెలిసుంటే బతికేదా?" అని అడిగేశాను.

"తెలిసుంటే ఇంకోరకంగా చూసేదాన్ని. అప్పటికే రాత్రంతా గడిచింది, బతికేదని మాటివ్వలేను. ఇనుముని విరిచే మందు నా దగ్గర లేదు. బందరులో దొరుకుతుందో లేదో ఫోన్ చేస్తాను" అంది. చేసింది కూడా. దొరకలేదు. విజయవాడ నుంచి తెప్పించే వ్యవధి కాటుక ఇవ్వలేదు. మధ్యాహ్నం లోపే, అక్క చెయ్యి దాని మెడ కింద ఉండగానే పోయింది.

అక్క ఏడవలేదు. "గొళ్ళెం పెట్టింది నేనేనండి" అంది డాక్టరమ్మతో. "చప్పుడు లేకపోతే పడుకుందనుకున్నాను."

"మీరు జాగ్రత్త కోసమే చేశారమ్మా."

"అవునండీ, జాగ్రత్త కోసమే" అంది అక్క.

కాలవ గట్టున పూడ్చాం. నాగభూషణరావుగారు కుండకి కొయ్య మూత చేయించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే అని ఆయన మొహం మీదే అన్నాను. అక్క పనికి వస్తూనే ఉంది. నల్లరంగు పని మాత్రం వద్దంది. అన్నం ముందు కూర్చుని లేచిపోవడం మొదలుపెట్టింది. బతిమాలితే రెండు ముద్దలు తినేది, అరిస్తే అదీ లేదు. నేను రెండూ చేశాను.

కార్తీకమాసం చివర యుగంధర్ ఒక కుక్కపిల్లని తెచ్చాడు. తల్లి లారీ కింద పడిందట, కళ్ళు అప్పుడే తెరిచింది. పాపం మంచి మనసుతోనే తెచ్చాడు. గుమ్మంలో నిలబడి, "నీకోసమే తెచ్చాను పిన్నీ" అన్నాడు. అది అతని గుప్పిట్లోంచి మూతి చాచి అక్క చేతిని వెతుక్కుంటోంది.

అక్క రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నా దగ్గరెందుకు బాబూ" అంది. "వీధిలో వదిలెయ్యి, బతుకుతుంది."

యుగంధర్ నా వంక చూశాడు. పిల్లని చొక్కాలో దాచుకుని ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.