బక్కమ్మ ముందు అనని మాట

దేవరకొండ దిక్కు ఊళ్లలో ఎవరైనా చావు అంచుదాకా పోయి తిరిగొస్తే, చుట్టూ చేరినవాళ్లు ముందుగా అనే మాట ఒకటుంది: "భూమ్మీద నూకలున్నయి." తినాల్సిన గింజలు ఇంకా మిగిలున్నాయి కాబట్టే బతికాడని దానర్థం. ఎద్దు పొడవబోయి తప్పినా, పిడుగు పక్కచెట్టు మీద పడినా అదే మాట. గుండెదడ తగ్గేదాకా అందరూ అంటూనే ఉంటారు. అనిపించుకున్నవాడు ఏదో ఘనకార్యం చేసినట్టు మీసం తిప్పుతాడు.

గొర్లకాపరి కురుమయ్య ఈ మాట అనిపించుకున్నన్నిసార్లు తన ఊళ్లో మరెవరూ అనిపించుకోలేదు. మనిషికి నిదానమన్నదే తెలియదు. మేకపిల్ల కోసం పాడుబావిలోకి దిగి, పాము పక్కన నిలబడి వచ్చాడు. దేవరకొండలో బస్సుకు అడ్డం పోయి, గొంగడిని మాత్రం చక్రాల కింద వదిలి వచ్చాడు. అలా వచ్చిన ప్రతిసారీ గడపలో నిలబడి భార్య బక్కమ్మను పిలిచేవాడు.

"నాకింక నూకలున్నయంటున్నరే. ఉన్నయంటే జర వండరాదూ?"

ఆమె తిట్టిపోస్తూనే జొన్న నూకలు ఎసట్లో పోసి గట్క వండేది. ఎంత తిడితే అంత గట్టిగా తెడ్డు తిప్పేది, గట్క కూడా అంత గట్టిగా అయ్యేది. అతను మజ్జిగ పోసుకుని, ఆమె మొహం చూసి నవ్వుకుంటూ, గిన్నె ఊడ్చుకుని తినేవాడు. ఆ పూట మాత్రం ఆమె కూడా అతని ఎదురుగా కూర్చుని తినేది. మామూలు రోజుల్లో ఆ ఇంట్లో అలాంటి ముచ్చట లేదు.

పోలీసు చర్య జరిగిన కొన్నేళ్లకు గట్టి కరువొచ్చింది. మేత లేక కురుమయ్య, అతని చిన్నాయన కొడుకు ఐలేశం మందను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయారు. తొలకరి పడ్డాక, పుట్టి అనే గుండ్రటి తోలుపడవలో ఏరు దాటుతుంటే ఎగువ నుంచి వరదొచ్చి పుట్టి తిరగబడింది. ఐలేశం ఒక పొట్టేలు కొమ్ములు పట్టుకుని ఒడ్డుకు చేరాడు. కురుమయ్య చేరలేదు.

ఐలేశం ఊరు చేరిన రోజు అందరూ అతని వాకిట్లో చేరారు. కులపెద్ద చెన్నయ్య ఆ మాట అనబోయాడు. అంతలో బక్కమ్మ వచ్చి నిలబడింది. చెన్నయ్య నోరు మూసుకున్నాడు.

అప్పటి నుంచి ఆమె ఉన్నచోట ఆ మాట ఎవరూ అనలేదు. పాపం, జాలితోనే. జాలిపడేవాళ్లకు ఒక జబ్బుంటుంది: ఎవరి మీద జాలిపడుతున్నారో వాళ్లను ఒక్కసారైనా అడగరు.

బక్కమ్మకు ఆ మాట కావాలి. అది చెవిన పడితే చాలు, గడపలో కురుమయ్య నిలబడ్డట్టే ఉంటుంది. మనిషిని ఏరు తీసుకుపోయింది, అతని మాటను ఊరంతా కలిసి తీసుకుపోయింది. జొన్నలు చెరుగుతుంటే చేటలో నూకలు చూసి ఆమె చెయ్యి ఆగిపోయేది. పోనీ తానే అనుకుందామా అంటే, అది చావు తప్పించుకున్నవాళ్లను చూసి అనే మాట, ఉత్త గోడలతో ఎలా అంటుంది? ఐలేశమైతే ఆమె ఎదురొస్తే పక్కసందులోకి తిరిగేవాడు. బతికి రావడమే నేరమైనట్టు తల వంచుకుని తిరిగేవాడు.

నాగార్జునసాగర్ కట్ట పని నడుస్తున్న రోజుల్లో ఒక ఎండాకాలం, ఊరివాళ్లు కలిసి బావి పూడిక తీస్తున్నారు. ఐలేశం అడుగున మట్టి తవ్వుతున్నాడు. బక్కమ్మ పైన తట్టలు మోస్తోంది. పొద్దు వాలాక ఐలేశం మోకు పట్టుకుని పైకొచ్చి గట్టు మీద కాలు పెట్టాడో లేదో, ఒకపక్క రాతికట్టంతా లోపలికి కూలింది. ఇంతసేపూ అతను నిలబడ్డ చోటనే రాళ్లన్నీ పడ్డాయి.

"ఓరి ఐలేశం, భూమ్మీద..." అంటూ చెన్నయ్య బక్కమ్మను చూసి గుటక మింగాడు. అందరూ నేలచూపులు చూశారు. కూలబడ్డ ఐలేశాన్ని పలకరించే దిక్కు లేదు.

బక్కమ్మ తట్ట కింద పడేసింది.

"సగంల మింగినవేందే మామా? మొత్తం అనరాదూ?"

"నువ్వున్నవు గద బిడ్డా..."

"నేనుంటే ఏమాయె? మా ఇంట్ల గా మాట లేకుంటే పండుగ లేకుండె. ఇన్నేండ్లు నా చెవుల పడనియ్యకపోతిరి. నన్నొక్కసారన్న అడిగిండ్రా?"

ఆమె ఐలేశం ముందు కూర్చుని అతని తలమీది మట్టి దులిపింది.

"ఐలేశం, నీకింక భూమ్మీద నూకలున్నయి."

అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "వదినె, ఏట్ల అన్న చెయ్యి నాకందలే. మస్తు చాపిన. అందలే."

"నాకెరుకే. అందితే ఇడుస్తవా నువ్వు? లే, ఇంటికి నడువు."

ఇంటికి తీసుకుపోయి గట్క వండి, మజ్జిగ పోసి ముందు పెట్టింది. ఐలేశం గిన్నెలో చెయ్యి పెట్టలేకపోయాడు.

"తిను. ఉన్నయంటే తినాలె. మీయన్న గట్లనే తినేటోడు."

అతను తిన్నాడు. బక్కమ్మ కూడా ఒక గిన్నె తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. ఒకసారి గడప వైపు చూసి, ముద్ద నోట్లో పెట్టుకుంది. గట్క పలచగా ఉంది. వండినంతసేపూ తిట్టడానికి మనిషి లేడు మరి.